డెల్బర్ట్ నోరు మూయించిన హెచ్చరిక

డెల్బర్ట్ వావ్రా మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేదంతా అతని మీద నా కడుపుమంటే. ఇరవై మూడేళ్లు ఒకే కప్పు కింద పనిచేశాం. నెబ్రాస్కాలో ఆర్డ్ ఊరి బయట, మొక్కజొన్న చేల మధ్య రేకుల షెడ్డు లాంటి ల్యాబు మాది. పశువుల రక్తం పరీక్షించి అవి చూడి కట్టాయో లేదో చెప్పడం మా పని. మందలున్నవాళ్లు ఆవు తోక కింద సూది గుచ్చి తీసిన రక్తాన్ని చిన్న చిన్న ట్యూబుల్లో పోసి అట్టపెట్టెల్లో పంపుతారు. ఆ పెట్టెలు విప్పేదాన్ని నేను. పరీక్ష యంత్రం చూపించిన అంకెను బట్టి 'చూడి', 'చూడి లేదు' అని తేల్చి కాగితం మీద అచ్చు వేసేది డెల్బర్ట్ రాసిన ప్రోగ్రాము.

'చూడి లేదు' అని అచ్చు పడితే ఏమవుతుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. చూడి లేని పశువుని చలికాలమంతా కూర్చోబెట్టి మేపేంత గడ్డి ఎవరి దగ్గరా ఉండదు. వచ్చే గురువారం సంతకు తోలేస్తారు. సంతలోంచి అది కసాయి లారీ ఎక్కుతుంది. అందుకే ఆ కాగితం తప్పు చెప్పకూడదు.

డెల్బర్ట్ చదువుకుని ప్రోగ్రామరు అయినవాడు కాదు. ఎరువుల సహకార సంఘంలో గుమాస్తాగా ఉండేవాడు. ఒక చలికాలం మంచు పడి దారులన్నీ మూసుకుపోతే, లావుపాటి పుస్తకం ముందేసుకుని వంటింటి బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాడు. ఆదివారాలు చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల హాల్లో అకార్డియన్ వాయిస్తాడు, మిగతా రోజులన్నీ ప్రోగ్రాము. అందులో తనకు తెలియని మూల లేదనేవాడు. నిజమే, మరొకరికి తెలిసిన మూల కూడా లేదు. అతని పద్ధతి ఎలా ఉండేదంటే, ట్యూబులు నిలబెట్టే చట్రాన్ని మేం ర్యాకు అంటాం, ప్రోగ్రాములో మాత్రం ర్యాకు అంటే ఒక వట్టి పెట్టె. అందులో ఏదైనా వెయ్యొచ్చు. ఆవు ట్యూబు, గొర్రె ట్యూబు, తేదీ, రైతు పేరు, ఏదైనా. తీసేటప్పుడు మాత్రం ఏం వేశామో గుర్తుంచుకుని తియ్యాలి. గుర్తుంచుకోవడం డెల్బర్ట్ పని, మర్చిపోకపోవడం మా అదృష్టం.

ఆ అదృష్టం కిందటి ఏప్రిల్లో తిరగబడింది. గొర్రె ట్యూబు రావాల్సిన చోట ఒక తేదీ వచ్చి పడింది, ప్రోగ్రాము మూడు రోజులు మంచం పట్టింది. మేనేజరు లైల్ నెమ్మదస్తుడు, డెల్బర్ట్‌తో కలిసి చేపలు పట్టేవాడు, అయినా మూడు రోజులంటే అతనికీ కాలింది. లింకన్ నగరం నుంచి బ్రెన్నా అనే అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్లు. గట్టిగా మాట్లాడదు, ఒకటి అడిగితే ఒకటే చెప్తుంది. వచ్చిన వారానికే తేల్చేసింది, ప్రోగ్రాములో ఉన్న ప్రతి ర్యాకు మీదా అందులో ఏముంటుందో చీటీ ఉండాలని. అందరి ముందూ లైల్ షరతు పెట్టాడు. డెల్బర్ట్ రాసే ప్రతి మార్పూ బ్రెన్నా కళ్ల ముందు నుంచే పోవాలి. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నాటికి ఈ కొత్త పద్ధతిలో తనంతట తాను తప్పు లేకుండా రాయగలిగితే ప్రోగ్రాము డెల్బర్ట్ చేతిలోనే ఉంటుంది. లేదంటే బ్రెన్నా చేతికి పోతుంది, డెల్బర్ట్ వ్యాను నడుపుకుంటూ ఊళ్ల మీద తిరిగి పెట్టెలు పోగుచేయాలి. అరవై ఒకటో ఏట, తను కన్న ప్రోగ్రాముకి తనే బయటివాడైపోతాడు. పాపం అనిపించింది నాకు. అప్పటికింకా పాపం అనిపించే రోజులే.

మొదటి పేచీ ఒక్క అక్షరం దగ్గర వచ్చింది. బ్రెన్నా ఏం చెప్పిందంటే, ర్యాకు ఎలా పనిచెయ్యాలో ఒక్కసారే రాసి పెడదాం, అందులో ఏ పశువు ట్యూబులుంటాయో మాత్రం అప్పుడే చెప్పొద్దు, ఆ చోట 'టి' అని ఒక అక్షరం పెట్టి వదిలేద్దాం అంది. వాడుకునేటప్పుడు టి చోట ఆవు అంటే ఆవుల ర్యాకు అవుతుంది, మేక అంటే మేకల ర్యాకు. దీన్నే జెనరిక్స్ అంటారట. డెల్బర్ట్ తల ఊపి తన కుర్చీలోకి వెళ్లాడు, రెండు రోజులు ప్రోగ్రామంతా గాలించాడు. దేనికయ్యా అంటే, టి ఎక్కడ రాసి ఉందో వెతకడానికి. ప్రతి పేరూ ఎక్కడో ఒక చోట పుట్టాలి కదా, ఈ టి ఎక్కడ పుట్టింది అని అతని గోల. ఎక్కడా దొరక్కపోయేసరికి మర్చిపోయి ఉంటుందిలే పిల్ల అనుకుని, తనే టి అని ఒక కొత్త ఫైలు సృష్టించి అందులో టి అంటే ఇదీ అని రాసి పెట్టాడు. ఒక పేరు, ఒక వయసు, ఒక చెవి నంబరు. టి అనే జంతువును సొంతంగా కని పెంచాడన్నమాట.

బ్రెన్నా అది చూసి నవ్వింది. కావాలని నవ్వలేదు, ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు డెల్బర్ట్‌కి ఎక్కడో తగిలింది. నాలుగు రోజులు భోజనాల గదిలోకి రాలేదు, వ్యానులో కూర్చుని తిన్నాడు. ఐదో రోజు నేనే వెళ్లి అద్దం మీద కొట్టాను. ఏమయ్యా, ఒక అక్షరం మీద అలిగినవాణ్ని నిన్నే చూశాను, లే అన్నాను. లేచాడు కానీ దారంతా సణుగుడే. నాకు చెప్పడానికి ప్రయత్నించాడు కూడా. ఇన్నేళ్లూ నేను 'ఇది ఆవు' అని రాశాను ఆర్లిస్, 'ఇది ఏదో ఒకటి' అని రాశాను, 'ఇదేమిటో తర్వాత చెప్తాను' అని ఎన్నడూ రాయలేదు, అలా రాస్తే అది రాయడమెలా అవుతుంది అన్నాడు. నాకేం తెలుసు. దరఖాస్తు ఫారంలో పేరు చోట గీత ఉంటుంది కదా, ఆ గీతని ఎవరూ మనిషనుకోరు, అలాంటిదేమో అన్నాను. మర్నాటికి ఆ టి ఫైలు తీసేశాడు. ఆ ఒక్క మెట్టు అలా ఎక్కాడు, దానికి నాకు కృతజ్ఞతలేం చెప్పలేదు.

రెండో పేచీ పెద్దది. అది నా ఎదురుగానే జరిగింది, నా బల్ల దగ్గరే. అక్టోబరు మొదటి వారం, పెట్టెలు ఊపిరాడకుండా వస్తున్నాయి. డెల్బర్ట్ చేతిలో కాగితం పట్టుకుని వచ్చి బ్రెన్నా ముందు నిలబడ్డాడు.

"ఆవు పశువేనా?" అన్నాడు.

"పశువే," అంది బ్రెన్నా.

"అయితే ఆవుల ర్యాకు పశువుల ర్యాకే."

"కాదు."

డెల్బర్ట్ నా వైపు తిరిగాడు. "ఆర్లిస్, నువ్వు చెప్పు. ఇరవై మూడేళ్లుగా ర్యాకులు మోస్తున్నావు. ఆవుల ర్యాకు పశువుల ర్యాకు కాదంటుంది ఈ అమ్మాయి. ఆ కంపైలరూ అదే అంటోంది. నేనిస్తే తీసుకోనంటోంది."

కంపైలర్ అంటే ప్రోగ్రాము నడవక ముందే దాన్ని చదివి తప్పులు పట్టేది. నేను డెల్బర్ట్ వైపే మాట్లాడాను, నిజం ఒప్పుకోవాలి. ఆవు పశువైనప్పుడు ఆవుల ర్యాకు పశువుల ర్యాకు కాకుండా గాడిదల ర్యాకు అవుతుందా అన్నాను. బ్రెన్నా నొచ్చుకోలేదు. "పశువుల ర్యాకు అని చెప్పి ఒకరి చేతికి ఇచ్చారంటే, అందులో ఏ పశువునైనా వేసుకో అని చెప్పినట్టే," అంది. "వాళ్లు మేకను వేస్తారు. వాళ్ల తప్పేం లేదు, మీరే పశువులదన్నారు. తర్వాత దాన్ని మీరు ఆవుల ర్యాకనే అనుకుని ఆవు లెక్కన తేలుస్తారు."

"ఎవడేస్తాడమ్మా మేకని? నా ప్రోగ్రాములో నేను తప్ప ఎవడున్నాడు?"

"మీరే వేస్తారు, డెల్బర్ట్."

ఆ మాటతో అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. టోపీ తీసుకుని బయటికి పోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషికి నాలుగో కాలు చూపించడం అంత తేలిక కాదు. బ్రెన్నా మాత్రం నా బల్ల మీదున్న ర్యాకుల్ని చూస్తూ ఉండిపోయింది. మా గదిలో ఒక అలవాటు ఉంది. ట్యూబులు సర్దాక ర్యాకు మీద పారదర్శకంగా ఉండే మూత పెట్టి టేపు అంటిస్తాం. యంత్రం గదివాళ్లు పైనుంచి చూసి చదువుకోవచ్చు, ఎన్నున్నాయో లెక్క పెట్టుకోవచ్చు, కొత్తగా ఒక్క ట్యూబు కూడా దూర్చలేరు. ఇదెందుకు అని అడిగింది. అంతకు ముందెప్పుడో ఒకడు ఖాళీగా కనపడ్డ చోటల్లా ట్యూబులు దోపేవాడు, వాడి పుణ్యమాని వచ్చిన టేపు ఇది అన్నాను. ప్రోగ్రాములో కూడా అచ్చం ఇలాగే రాయొచ్చు, చదువుకోవడానికైతే ఏ పశువు ర్యాకైనా ఇస్తాను కానీ అందులో వెయ్యడానికి ఇవ్వను అని చెప్పే పద్ధతి ఉందంది. సాయంత్రం డెల్బర్ట్‌కి అదే చెప్పబోతే అతనేమన్నాడో తెలుసా? పెట్టెలు విప్పే ఆవిడ దగ్గర ప్రోగ్రామింగు నేర్చుకునే కాలం వచ్చిందా అన్నాడట. ఈ పెట్టెలు విప్పే ఆవిడే కదా నీ టి సంగతి తేల్చింది, డెల్బర్ట్ వావ్రా.

సరిగ్గా ఆ రద్దీలోనే బ్రెన్నా పది రోజులు సెలవు పెట్టింది. వయోమింగ్‌లో వాళ్ల అక్కకి పురుడు. ఇక్కడేమో రోజుకి పద్నాలుగు వందల ట్యూబులు. డెల్బర్ట్ చేతిలో మిగిలిన పని ఒక్కటే, మళ్లీ పరీక్ష భాగం. యంత్రం ఏదైనా ట్యూబుని సరిగా చదవలేకపోతే దాని పేరు ఒక వరసలో నిలబడుతుంది. తర్వాత వచ్చే ర్యాకు ఏదైనా ఇస్తే, ఆ వరసలో ఉన్నవాటిని అందులో చేర్చి మళ్లీ చదివిస్తారు. వరసలో ఏ పశువు ట్యూబైనా ఉండొచ్చు కాబట్టి ఆ చేర్చే భాగం పశువుల ర్యాకు అడుగుతుంది. డెల్బర్ట్ ఆవుల ర్యాకు ఇస్తాడు. కంపైలర్ వద్దంటుంది. మూడు రోజులు ఇదే తంతు. కుడి నుంచి ఇచ్చాడు, ఎడమ నుంచి ఇచ్చాడు, పేర్లు మార్చి ఇచ్చాడు. అది వద్దనే అంది. ఆ మూడు రోజులూ అతని పక్కన కూర్చోవడం నరకం. పెన్సిళ్లు విరిచాడు. ఒకసారి తెర మీద చూపుడువేలితో టకటకా కొట్టి, నీకన్నా నా కుక్క నయం, చెప్తే వింటుంది అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం చిక్కుడు గింజల చిల్లీ పులుసులో తియ్యటి సినమన్ రోల్ ముంచుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు, మొహం వెలిగిపోతోంది. దారి దొరికిందట. ముందు ఆవుల ర్యాకు మీది చీటీ పీకేసి పాతకాలపు వట్టి పెట్టెగా మార్చాలట. ఆ పెట్టెకి 'పశువులు' అని కొత్త చీటీ అంటించి ఇవ్వాలట. అలా ఇస్తే కంపైలర్ ఆపదు, ఇది ప్రమాదం సుమా అని హెచ్చరిక మాత్రం రాస్తుంది. ఆ హెచ్చరిక కనపడకుండా చేసే ఒక లైను కూడా ఉందట, పైన అది రాస్తే సరి.

"నోరు మూయించాను దానికి," అన్నాడు.

నేను నవ్వాను. నా రెండో రోల్ కూడా అతనికే పెట్టాను. ఎందుకు వద్దంటోందో కనుక్కున్నావా అని ఒక్క ముక్క అడగలేదు. బ్రెన్నా లేదు కాబట్టి లైల్ తనే సరేనన్నాడు. పెట్టెలు పైకప్పు దాకా పేరుకున్నాయి, అతనికీ పని జరిగితే చాలు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు ఉంది మా ముగ్గురి తెలివీ. బ్రెన్నా తిరిగొచ్చాక ఆ మార్పేమిటని అడిగితే చిన్న సర్దుబాటు అని చెప్పాడు. ఆమె చూడాల్సిన పనుల జాబితాలో అదీ ఒకటై కూర్చుంది.

నవంబరు మొదటి సోమవారం ఓపల్ స్ట్రౌడ్ పెట్టె వచ్చింది. ఓపల్‌కి డెబ్బై రెండేళ్లు. నార్త్ లూప్ ఏటి పక్కన ఒంటరిగా ఉంటూ పద్నాలుగు మేకల్ని పెట్టుకుని జున్ను చేసి అమ్ముతుంది. ట్యూబులు పగలకుండా ఉన్ని మేజోళ్లలో చుట్టి పంపుతుంది. అందరూ ట్యూబు మీద చెవి నంబరు రాస్తే ఈవిడ పేరు రాస్తుంది. క్లోవర్, బటన్స్, మిసెస్ పీబడీ, ఇలా. నేనే వాటిని మేకల ర్యాకులో సర్ది మూతేసి టేపంటించి పంపాను. యంత్రం గదిలో సూది మూసుకుపోయి తొమ్మిది ట్యూబుల అంకెలు పాడయ్యాయి. మామూలే, వారానికోసారి జరిగేదే. ఆ తొమ్మిదీ మళ్లీ పరీక్ష వరసలో నిలబడ్డాయి.

మంగళవారం కాగితం వెళ్లింది. అయిదు చూడి, తొమ్మిది చూడి లేదు.

మధ్యాహ్నానికి ఓపల్ ఫోను. నేనెత్తాను. పోతు నలభై రోజులుగా వాటి మధ్యే తిరుగుతోందని, ఒక్కటి కూడా మళ్లీ ఎదకి రాలేదని, తొమ్మిదింటికి తొమ్మిదీ లేకపోవడమేమిటని అడిగింది. ఈ ఏడు వానల్లేక గడ్డి సగమే చేతికొచ్చింది, చూడి లేనివాటిని గురువారం పంపక తప్పదు, అందుకే మరోసారి అడుగుతున్నానంది. నేను డెల్బర్ట్‌ని పిలిచి ఫోను అతని చేతికిచ్చాను. ఒక చేత్తో టైపు చేస్తూనే విన్నాడు. "అంకెలు అంకెలే ఓపల్, వాటికి మొహమాటాలుండవు. ఖాయం," అన్నాడు. అవతల నుంచి ఆవిడ, సరే నాయనా, నువ్వంటే ఇంకేం ఉంది, అనడం నాక్కూడా వినపడింది. ఫోను నాకిచ్చేసి మళ్లీ తెరలోకి దూరాడు. ఒక్కసారి తలెత్తి ఆ తొమ్మిది అంకెలు చూసుంటే చాలు. ఆవుకైతే ఆ అంకెలు చాలవు, మేకకైతే ఆవు హద్దులో సగమే చాలు. అతనికి తెలియందా అది, ఆ రెండు హద్దులూ ప్రోగ్రాములో రాసిందే అతను.

గురువారం పొద్దున పదింటికి బ్రెన్నా జాబితాలో ఆ చిన్న సర్దుబాటు వంతు వచ్చింది. నోరు మూయించిన లైను చూసింది. అరవలేదు. డెల్బర్ట్ దగ్గరికొచ్చి ఇది తీసెయ్యాలి అంది. డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. పందొమ్మిది రోజులుగా దివ్యంగా నడుస్తున్నదాన్ని ఎందుకు తియ్యాలన్నాడు. నీకు పుస్తకంలో ఉన్నది కావాలి, నాకు నడిచేది కావాలన్నాడు. ఇన్ని నెలల ఉడుకూ ఆ పూట బయటికొచ్చింది.

"ఇప్పుడే చూపిస్తాను," అన్నాడు. "ఈ పందొమ్మిది రోజుల్లో మళ్లీ పరీక్ష వరసలోంచి ఆవుల ర్యాకుల్లోకి పోయిన ప్రతి ట్యూబు పేరూ అచ్చు వేస్తాను. అందులో ఒక్క మేక ఉంటే ప్రోగ్రాము నీ చేతిలో పెట్టి పోతాను. ఆర్లిస్, రా, నువ్వు సాక్షి."

వెళ్లాను. చేతిలో పని వదిలేసి మరీ వెళ్లాను, ఎందుకంటే ఈ రోజుతో ఈ గొడవ తెగిపోవాలని నాకూ ఉంది. ప్రింటరు కాగితాలు కక్కుతోంది. అన్నీ నంబర్లే, 4127, 4128, 4131, ఆవులకు పేర్లెవరు పెడతారు. డెల్బర్ట్ ఒక్కో కాగితం బ్రెన్నా ముందు బల్ల మీద కొట్టి పెడుతున్నాడు. ఆరో కాగితం పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. నంబర్ల మధ్యలో క్లోవర్. దాని కింద బటన్స్. దాని కింద మిసెస్ పీబడీ. పైన శీర్షిక మాత్రం 'ఆవులు' అనే ఉంది.

డెల్బర్ట్ ఒక్కో పేరు మీద వేలు పెట్టుకుంటూ కిందికి పోయాడు, తొమ్మిది దాకా. తర్వాత, మాతో కాదు, తనలో తనే అన్నట్టు చెప్పాడు. ప్రోగ్రాము నడిచేటప్పుడు ర్యాకు మీద చీటీ ఉండదు, టి చోట ఏం రాశామో అప్పటికి చెరిగిపోతుంది, లోపలున్నది మేకో ఆవో అప్పుడు చూసేవాళ్లెవరూ ఉండరు, అందుకే కంపైలర్ అది నడవక ముందే ఆపుతోంది, ఆపగలిగింది అప్పుడొక్కసారే అన్నాడు. బ్రెన్నా అవునని తలూపింది. నెల రోజులుగా ఆమె చెప్పిందంతా ఆ నాలుగు ముక్కలే. అర్థమైంది మహానుభావుడికి. ఆ అర్థమయ్యేదేదో మంగళవారం అయ్యుంటే నీ సొమ్మేం పోయింది?

ఓపల్ ఇంటికి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. సంతకు చేశాడు. చిన్న జీవాల వంతు పొద్దున్నే మొదలైపోయిందని, తొమ్మిది మేకలూ ఒకే గుంపుగా పోయాయని, లారీ వెళ్లి గంట దాటిందని చెప్పారు. లారీవాడి నంబరు తీసుకుని చేశాడు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. నాలుగోసారికి నేను ఫోను అతని చేతిలోంచి తీసి పెట్టేశాను. ఈలోగా బ్రెన్నా తొమ్మిది అంకెల్నీ మేక లెక్కన మళ్లీ తేల్చింది. ఎనిమిది చూడివి. ఒక్కటి మాత్రమే చూడిది కాదు.

లైల్ వచ్చాడు, తలుపు వేశాడు. జరిగిందానికి ఒక కారణం రాసి పెట్టుకోవాలి, అది మా పద్ధతి. యంత్రం సూది మూసుకుపోవడం వల్ల అని రాద్దామన్నాడు. అబద్ధం కూడా కాదు, సూది మూసుకుపోకపోతే ఇదంతా జరిగేది కాదు. అలా రాస్తే థాంక్స్‌గివింగ్ దాకా డెల్బర్ట్‌కి టైమున్నట్టే, ఇప్పుడెటూ అర్థమైంది కదా అని అతని ఉద్దేశం. స్నేహం కొద్దీ అన్నాడు. బ్రెన్నా కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేనైతే ఒప్పుకోవయ్యా అనే అనుకున్నాను లోపల. అంత కోపంలో కూడా అనుకున్నాను.

"సూది కాదు, లైల్," అన్నాడు డెల్బర్ట్. "కంపైలర్ నన్ను ఆపింది. ఆగకపోతే హెచ్చరించింది. నేనే దాని నోరు నొక్కాను."

అలాగే రాశాడు, తన చేత్తోనే. లైల్ ఆ కాగితం రెండుసార్లు చదివి, టోపీ తీసి తల గోక్కుని, ఇక నా చేతుల్లో ఏం లేదన్నాడు. భోజనాల వేళకి ప్రోగ్రాము బ్రెన్నాదైంది. ఆమె ఏదో అనబోయింది, మీరిప్పుడు అసలు రాయగలరు డెల్బర్ట్, అనబోయిందట, తర్వాత నాతో చెప్పింది. అనలేదు. అనకపోవడమే మంచిదైంది, ఆ పూట అలాంటి మాట వినే స్థితిలో అతను లేడు.

ఓపల్‌కి ఫోనులో చెప్పనన్నాడు, ఇంటికి వెళ్లి చెప్తానన్నాడు. నేనూ వ్యాను ఎక్కాను. ఆవిడ ఫోను ముందెత్తింది నేను కదా. ఓపల్ కొట్టం ముందు పాల బకెట్లు కడుగుతోంది. అప్పుడే సంత నుంచి వచ్చినట్టుంది, ఖాళీ ట్రైలరు ఇంకా బండికే తగిలించి ఉంది. డెల్బర్ట్ టోపీ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. ర్యాకు సంగతి, చీటీ సంగతి చెప్పబోయాడు. ఆవిడ తడి చెయ్యి ఎత్తి ఆపింది.

"అవన్నీ నాకెందుకు నాయనా. తొమ్మిదిట్లో ఎన్ని చూడివి?"

"ఎనిమిది."

ఓపల్ బకెట్టు బోర్లించింది. దాని మీద కూర్చుంటుందేమో అనుకున్నాను, కూర్చోలేదు. తిట్టినా బాగుండేది. కొట్టంలో మిగిలిన అయిదు మేకలూ కంచె దగ్గరికొచ్చి మా వంక చూస్తున్నాయి. ఆవిడ వాటిని చూసి, తర్వాత డెల్బర్ట్‌ని చూసింది.

"మరి ఈ అయిదూ? ఇవి నిజంగా చూడివేనా?"

ఆ అయిదింటినీ యంత్రం మొదటిసారే సరిగ్గా చదివింది. అవి మేకల ర్యాకులోంచి కదలనే లేదు, మేక లెక్కనే తేలాయి. అందులో ఎక్కడా పొరపాటు లేదని, ఎందుకు లేదో కూడా, ఆ క్షణాన డెల్బర్ట్‌కి తెలిసినంత బాగా ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అడిగితే గీతగీతా విడమర్చి చెప్పగలడు. ఇరవై మూడేళ్లలో ఒక మాట చెప్పేముందు అతను అంత ఖచ్చితంగా తెలిసి చెప్పింది అదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఖాయం, ఓపల్," అన్నాడు.

"మంగళవారం కూడా అదే అన్నావు," అంది ఆవిడ.

ఆ అయిదింటి రక్తాన్నీ మర్నాడే మళ్లీ తీసి, వేరే ల్యాబుకి పంపింది.